తోడు నడిచే విద్య

(రేడియో ప్రసంగ పాఠం)



కష్టంలో ఉన్న ఆడమనిషి మన గడప తొక్కిందంటే ముందు మంచినీళ్లిస్తాం, వెంటనే సలహా ఇస్తాం. "కుట్టుమిషను నేర్చుకోరాదా", "ఒక బర్రెను కొనుక్కోరాదా", "పదో తరగతి కట్టరాదా", "మీ అన్నతోని మాట్లాడరాదా" అని నాలుగు మాటలు చెబుతాం. ఆమె అన్నిటికీ తల ఊపుతుంది. నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకొని వెళ్లిపోతుంది. ఆరు నెలల తరువాత చూస్తే ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. అప్పుడు మనం ఏమంటాం? "మనం చెప్పేది చెప్పినం, వినకపోతే ఏం చేస్తం" అంటాం. ఈ పొద్దు నేను మాట్లాడదలచుకున్నది ఆ సలహా తరువాతి సంగతి. కష్టంలో ఉన్న స్త్రీ నలుగురిలోకి వచ్చి, తనకంటూ ఒక పని చేసుకొని నిలబడాలంటే ఆమె పక్కన ఉన్నవాళ్లకు ఏమేం తెలిసి ఉండాలి అన్న సంగతి.

హైదరాబాదు వంటి పట్నాలలో ఈమధ్య లైఫ్ కోచింగ్ అనే మాట వినబడుతున్నది. ఫీజు తీసుకొని, కూర్చోబెట్టి, నీ బతుకును ఎట్లా దిద్దుకోవాలో నీ నోటితోనే చెప్పించే విద్య అట. పేరు కొత్తగా ఉందిగాని కోచ్ అంటే మనకు కబడ్డీ ఆటలో తెలిసినవాడే గదా. అతను బరిలోకి దిగి కూతకు పోడు. గీత అవతల నిలబడి చూస్తాడు. ఆడేవాడికి తన బలం ఏమిటో తనకు తెలియకపోతే చెబుతాడు. దెబ్బ తగిలితే కట్టు కడతాడు. ఆట మాత్రం ఆడేవాడిదే. ఫీజు ఇచ్చుకోగలిగినవాళ్లకు ఆ విద్య పట్నంలో దొరుకుతుంది. రోజుకు ఇన్ని బీడీలు చేస్తేగాని పొయ్యి వెలగని మనిషికి అది ఎవరు ఇవ్వాలి? ఆమె వాడలో ఉన్న మనమే ఇవ్వాలి.

మాది ధర్మపురి. గోదావరి ఇక్కడ దక్షిణంగా పారుతుందని, నరసింహస్వామి వెలసిన చోటని ఎక్కడెక్కడినుంచో యాత్రికులు వస్తారు. గుడి ముందూ రేవు దారిలోనూ కొబ్బరికాయలు, పూలు, పసుపు కుంకుమ, దొన్నెల్లో దీపాలు పెట్టుకొని అమ్మేవాళ్లలో చాలామంది ఆడవాళ్లే. కార్తీకమాసంలో చేతినిండా పని, మిగతా రోజుల్లో ఎదురుచూపులు. ఊళ్లోకి వెళ్తే వాడవాడకూ అరుగుల మీద చాటలు కనబడతాయి. చాటలో తునికాకు, తంబాకు, దారం, కత్తెర. ఉత్తర తెలంగాణలో, అంటే పాత కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లో లక్షలాది ఆడవాళ్లు ఈ బీడీల మీదనే పిల్లలను పెంచారు. ఇంట్లోని మగవాడు మస్కట్‌కో, దుబాయికో, సౌదీకో పోయి ఉంటాడు. పైసలు పంపేవాడు పంపుతాడు. కొందరి దగ్గరనుంచి మొదట పైసలు ఆగుతాయి, తరువాత ఫోను ఆగుతుంది. కొందరు పెట్టెలో తిరిగి వస్తారు. వీసా కోసం చేసిన అప్పు మాత్రం ఆమె పేరు మీద మిగులుతుంది.

బీడీ పనిని నేను తక్కువ చేసి మాట్లాడను. 1966లో బీడీ కార్మికులకు చట్టం వచ్చింది, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. గుర్తింపు కార్డు, పిల్లలకు స్కాలర్‌షిప్పు, పి.ఎఫ్. - ఇంటిదగ్గర కూర్చుని చేసే పనికి ఇవన్నీ ఉండటం మామూలు సంగతి కాదు. చాలామంది చెల్లెళ్లకు తమ సొంత పేరుతో ఉన్న మొట్టమొదటి కాగితం ఆ బీడీ కార్డే. తెలంగాణ వచ్చాక 2015లో బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలై, 2019లో 2016 రూపాయలు అయింది. కాని ఇంకో పక్క చూడండి. తంబాకు దుమ్ముతో దగ్గు, వంగి కూర్చుని మెడనొప్పి. పైగా ఇప్పుడు నెలలో అన్ని రోజులూ పని దొరకడం లేదు. బీడీ తాగేవాళ్లు తగ్గారు. 2016 నుంచి కట్టల మీద పెద్ద పెద్ద హెచ్చరిక బొమ్మలు వచ్చాయి. తాగకపోవడమే మంచిదని మనమందరం అంటాం, నేనూ అంటాను. మరి చేసే చేతులు ఏం కావాలి? ఈ పని ఒక తల్లిని గడప దాటనీయకుండా ముప్ఫై ఏండ్లు కూర్చోబెట్టింది. ఇప్పుడు ఒక్కసారిగా లేచి బయటికి పొమ్మంటే కాళ్లు ఎట్లా సాగుతాయి?

అందుకే మొదటి పని సలహా కాదు, అడగడం. ఊరికే కుశలం అడగడం కాదు, పని తెలిసే తీరుగా అడగడం.

మా పక్క ఊరి చెల్లెలు ఒకామె ఉంది. పేరెందుకు గాని, పన్నెండో ఏటినుంచి బీడీలే. ఇద్దరు పిల్లలు. భర్త మస్కట్ పోయి మూడేండ్లు డబ్బు పంపి, తరువాత అయిపు లేకుండా పోయాడు. ఎవరు అడిగినా ఒకటే మాట: "నాకేమొస్తదక్కా, బీడీలు జేసుడు తప్ప." సంఘంలో పనిచేసే ఒక పెద్దామె ఆ మాటకు అడ్డం చెప్పలేదు. "నీకెందుకు రాదు, నువ్వు బంగారం" అని పొగడనూ లేదు. "నిన్న పొద్దున లేచినకాడినుంచి రాత్రి పండుకునేదాక ఏమేం జేసినవో జెర చెప్పు" అని పక్కన కూర్చుంది. ఇద్దరూ ఆకు కత్తిరించుకుంటూనే మాట్లాడుకున్నారు. చెబుతూ ఉంటే ఏం బయటపడిందీ? కట్టకు ఇరవై ఐదు, నలభై కట్టలు కడితే వెయ్యి. కార్ఖానాలో ఇచ్చిన ఆకు వెయ్యికి చాలుతుందో లేదో ఆమె చేత్తో పట్టి చూసి చెప్పగలదు. ఎంత తక్కువ పడితే తన పైసలతో ఎంత కొనాలో నోటిలెక్క. మొన్న పుస్తకంలో మూడు కట్టలు తక్కువ రాస్తే అక్కడికక్కడే పట్టుకొని దిద్దించింది. ఇంట్లో సంఘం కిస్తీ, వడ్డీ, పిల్లల బస్‌పాస్ అన్నీ ఆమె కంటి ముందే.

అప్పుడు ఆ పెద్దామె అన్నది: "నీకు లెక్క వస్తది, తూకం వస్తది, మోసం పట్టవస్తది. ఈ మూడూ ఉన్నోళ్ల కోసం వడ్ల కేంద్రంల ఎదురుచూస్తున్నరు."

మన దిక్కు వడ్లు కోతకొచ్చినప్పుడు మహిళా సంఘాలే కొనుగోలు కేంద్రాలు నడుపుతాయని మీకు తెలుసు. ఐకేపీ సెంటరు అంటాం. ఆ చెల్లెలు మొదటి కారు ఊరికే పక్కన కూర్చున్నది. వడ్లలో తేమ చూసే యంత్రం పట్టడం నేర్చుకున్నది. తేమ పదిహేడు శాతం మించకూడదని నిబంధన. మించితే ఆరబోసుకోమని రైతుకు చెప్పాలి. చెబితే రైతు ఊరుకుంటాడా? వాన మబ్బు పట్టి ఉంటుంది, నాలుగు రోజులనుంచి కుప్ప దగ్గరే పండుకొని ఉంటాడు, నోటికొచ్చినట్టు తిడతాడు. మొదటి రోజు ఆమె ఇంటికొచ్చి ఏడ్చింది. పెద్దామె ఓదార్చింది, ఓదార్చి ఊరుకోలేదు. "రేపు గదే మాట అంటే ఏమంటవు? ఇప్పుడు నేనే రైతును, తిడుతున్న" అని ఎదురుగా నిలబడింది. ఇద్దరూ వాకిట్లో ఆ నాటకం రెండు మూడుసార్లు ఆడారు. మరుసటి రోజు ఆ చెల్లెలు యంత్రాన్ని రైతు చేతికే ఇచ్చి, "అన్నా, నువ్వే సూడు, అంకె ఎంతున్నదో నువ్వే సదువు" అన్నదట. అంతటితో గొడవ సద్దుమణిగింది. ఈ ఉపాయం ఆమెకు ఎవరూ చెప్పలేదు. రెండో కారుకు గన్నీ సంచుల లెక్క, లారీ కాగితం ఆమె చేతికి వచ్చాయి. ఇప్పటికీ కోతలు లేని నెలల్లో చాట ముందు వేసుకుంటుంది. అది తప్పూ కాదు, ఓటమీ కాదు. ఉన్న తాడు తెంపుకొని కొత్త తాడు పట్టుకొమ్మని ఎవరికీ చెప్పకూడదు.

ఇక్కడ కుట్టుమిషను గురించి ఒక మాట. కుట్టుమిషను మీద నాకు కోపం లేదు. కాని ఆడవాళ్లకు సహాయం అంటే కుట్టుమిషనే అనే అలవాటు మీద ఉంది. సభ పెడతారు, వరుసగా మిషన్లు పెడతారు, ఫొటో తీస్తారు. ఒకే వాడలో ఇరవై మందికి మిషన్లిస్తే ఇరవై మంది కుట్టే రవికలు ఎవరు తొడుక్కోవాలి? ఆమె కన్ను ఎట్లా ఉంది, ఆమెకు కుట్టు మీద మనసుందా, మార్కెట్టుకు ఎంత దూరం అని అడిగినవాళ్లు లేరు. మూడు నెలల తరువాత ఆ మిషను మీద గిన్నెలు బోర్లించి ఉంటాయి. వస్తువు ఇవ్వడం తేలిక, ఒక ఏడాది ఒక మనిషి వెంట ఉండటం కష్టం. అందుకని మొదటిదానికే చేతులు ఎక్కువ లేస్తాయి.

వెంట ఉండటం అంటే ఏమిటో మనవాళ్లలోనే చూపించినవారు ఉన్నారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటనే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ బంధం వద్దని తానే చెప్పారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. బయటికి వచ్చి, బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా కట్టి, తరువాత డిగ్రీ, ఆ తరువాత లా చదివి వకీలు అయ్యారు. వయసు మీరాక పుస్తకం పట్టడం ఎట్లా ఉంటుందో ఒంటికి తెలిసిన మనిషి. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, భర్త పోయినవాళ్లను, భర్త వదిలేసినవాళ్లను కూర్చోబెట్టి అదే బెనారస్ మెట్రిక్‌కు తయారు చేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. బడి మధ్యలో మానేసిన స్త్రీల కోసం ఆ బోర్డు 1958లో కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. ఎన్నో ఏండ్ల చదువును రెండేండ్లలో ముగించి పరీక్షకు కూర్చోబెట్టేవాళ్లు. అట్లా చదివినవాళ్లు గ్రామసేవికలు, నర్సులు, టీచరమ్మలు అయ్యారు. నేను మెట్రిక్ వరకే చదివినదాన్ని గనుక ఆ రెండేండ్ల విలువ నాకు తెలుసు. పదో తరగతి కాగితం లేకపోతే ఎన్ని తలుపులు కొట్టినా లోపలినుంచి జవాబు రాని రోజులున్నాయి.

ఇప్పుడు చదువుకు దారులు పెరిగాయి. ఓపెన్ స్కూలులో పది, ఇంటరు కట్టవచ్చు. 1982లో హైదరాబాదులో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేడ్కర్ యూనివర్సిటీ, ఇంటరు లేనివాళ్లు కూడా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు ఆ రోజుల్లోనే కల్పించింది. దారి ఉండటం వేరు, నడవడం వేరు. ముప్ఫై ఐదేండ్ల మనిషి పలక పడితే ముందు నవ్వేది ఇంట్లోవాళ్లే. ఆ సిగ్గును ఎట్లా దాటించాలన్నదే మన పని.

మా ఊళ్లో దానికొక మంచి ఉపాయం ఉంది. శేషప్ప కవి నరసింహ శతకం మా ధర్మపురిది. అక్షరం ముక్క రాని ముసలమ్మలు కూడా అందులోని పద్యాలు గడగడ చదువుతారు. తరతరాలుగా చెవినుంచి చెవికి వచ్చినవి. అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు "అ, ఆ" తో మొదలుపెట్టకుండా, ఆమెకు నోటికి వచ్చిన పద్యమే పెద్ద అక్షరాల్లో ముందుపెట్టి, చదువుతూ వేలు జరపమంటే చూడండి. వేలు ఒకచోట, నోరు ఒకచోట ఉంటుంది. నాలుగు రోజులకు రెండూ కలుస్తాయి. ప్రతి పద్యం చివరా వచ్చే మకుటం ఒకటే గనుక అది ముందు పట్టుబడుతుంది. ఇది రాదన్న భయం ముందే పోయింది, వచ్చిందానితోనే మొదలుపెట్టింది గనుక. చదువుకే కాదు, ఏ పనికైనా ఇదే పద్ధతి. ఆమెకు రానిదానితో మొదలుపెడితే పారిపోతుంది.

తరువాతిది కాగితాల పని. దీన్ని చిన్నదని అనుకోకండి. నాకు తెలిసి సగం మంది ఆగిపోయేది ఇక్కడే. ఆధారులో పుట్టింటి ఇంటిపేరు, రేషను కార్డులో అత్తగారి ఇంటిపేరు, బ్యాంకులో ఉత్త పేరు. పుట్టిన తేదీ ఒక్కోదాంట్లో ఒక్కోటి. భర్త గల్ఫులో పోతే అక్కడి మరణ పత్రం ఇంకో భాషలో. 2017లో మన రాష్ట్రంలో ఒంటరి మహిళలకు పింఛను మొదలైంది. ఎంతో మందికి ఆసరా అయింది. కాని "నన్ను వదిలేసిండు" అని ఆఫీసులో నలుగురి ముందు చెప్పి, కాగితం మీద వేలిముద్ర వేయడమంటే ఎంత గుండె కావాలో చెప్పినవాళ్లకు తెలుస్తుంది. అందుకని ఒక సంచి పెట్టించండి. అన్ని కాగితాలూ, ఒక్కోదానికి రెండేసి నకళ్లు అందులో పెట్టి, ఏది దేనికో ఆమె చేతనే గుర్తు పెట్టించండి. చదువురానివాళ్లు మూలకు రంగు దారం కట్టి గుర్తుపట్టడం నేను చూశాను. ఎర్రదారం బ్యాంకు, పచ్చదారం పింఛను. ఎవరూ నేర్పలేదు, బీడీ కట్టిన చేతికి దారం తోచింది.

బ్యాంకుకో ఆఫీసుకో వెళ్లేటప్పుడు మా సంఘాల్లో అనుభవం ఉన్నవాళ్లు ఒక వరుస పాటిస్తారు. మొదటిసారి తోడు వెళ్లినామె మాట్లాడుతుంది, ఆమె వింటుంది. రెండోసారి ఆమె మాట్లాడుతుంది, తోడు వెళ్లినామె వెనుక నిలబడుతుంది, ఆగిపోతే తప్ప నోరు విప్పదు. మూడోసారి ఆమె ఒక్కతే వెళ్లాలి. మనలో చాలామందికి రెండోసారే కష్టం. కౌంటర్ దగ్గర ఆమె తడబడుతుంటే మన నాలుక ఊరుకోదు, "ఏం లేదు సార్, ఈమె…" అని అందుకుంటాం. అట్లా అందుకుంటే మూడోసారి రాదు. ఎప్పటికీ మనమే వెళ్తూ ఉంటాం, పైగా "నేను లేకపోతే దానికి దిక్కులేదు" అని లోలోపల కొంచెం గర్వపడుతూ ఉంటాం. నిజం చెప్పుకోవాలి గదా.

ఇంట్లోవాళ్ల సంగతి. కోడలు బయటికి వెళ్తే వాడ ఏమంటుందో తెలుసు. "మొగడు దుబాయిల, పెండ్లాం బజార్ల" అంటుంది. అత్తకు చెప్పకుండా కోడలిని వెంటబెట్టుకొని పోతే రెండు రోజులు పోవచ్చు, మూడోరోజు తలుపు మూసుకుంటుంది. అత్త చెడ్డది కానక్కరలేదు, ఆమెకూ భయమే. కొడుకు పోయిన ఇంట్లో కోడలు కూడా పోతే ముసలితనంలో ఎవరు చూస్తారన్న భయం. ఆ భయాన్ని కూడా కూర్చుని వినాలి. కొన్ని ఇండ్లలో మొదటి జీతంలోంచి అత్తకు ఒక చీర, ఆకువక్కల పైసలు ఇప్పించాక ఆమే "నా కోడలు డ్యూటికి పోయింది" అని చెప్పుకోవడం మొదలుపెట్టింది. అయితే జీతం కోడలి పేరు మీదున్న ఖాతాలోనే పడాలి. ఇందులో మొగమాటం పనికిరాదు.

కాని ఒక్క సంగతి గట్టిగా చెబుతాను. ఇంట్లో కొట్టడం, చంపుతామనడం ఉంటే అది మనం అరుగు మీద కూర్చుని సర్ది చెప్పే సంగతి కాదు. 181 నంబరుకు ఫోను చేయండి. సఖి కేంద్రం ఉంది, ఆమెను అక్కడికి చేర్చండి. ఆమె మనతో చెప్పుకున్నది ఏదీ నీళ్ల పంపు దగ్గరికి పోకూడదు. "నీకొక్కదానికే చెబుతున్న" అని మన వదినెతో అన్నా అది ఊరంతటికీ చెప్పినట్టే.

ఈ విద్యకు పెద్ద చదువు కావాలా అని అడుగుతారు. నాకు తెలిసినంతలో అదే బాధ పడి లేచినామె కంటే మంచి గురువు లేదు. 1982లో ద్వాక్రా మొదలైనప్పుడు మన రాష్ట్రంలో తొలి విడతలో తీసుకున్న జిల్లాల్లో ఆదిలాబాదు ఒకటి. 1993లో మొదలైన మహిళా సమత వాళ్లు తరువాత కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లలో కూడా పనిచేశారు. వాళ్లు పైసలు పంచలేదు, వస్తువులు పంచలేదు. కూర్చుని మాట్లాడించారు. "మరి మాకేమిస్తరు?" అని మొదట్లో అందరూ అడిగేవాళ్లు. ఆ తరువాత సంగతి ఇంకా గొప్పది. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ ఏర్పడ్డాక, మన సంఘాల్లోని ఆడవాళ్లే జట్లుజట్లుగా ఇతర ఊళ్లకు వెళ్లి, సుమారు రెండు వారాలు అక్కడే ఉండి, సంఘం పెట్టించి వచ్చే పద్ధతి వచ్చింది. కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్ అని పేరు, సీఆర్‌పీ అంటారు. బీహారు వంటి దూరరాష్ట్రాలకు కూడా మన తెలంగాణ తల్లులు వెళ్లారు. వచ్చీరాని హిందీ. అక్కడి రొట్టె, అక్కడి చలి. ముసుగు తీయని కోడండ్ల దగ్గర కూర్చుని, "నేను కూడా మీలెక్కనే ఉంటి, నా దగ్గర గీ చీర తప్ప ఏమీ లేకుండె" అని తమ కథ చెప్పేవాళ్లు. ఆఫీసరు చెబితే నమ్మనివాళ్లు ఆమె కాళ్ల పగుళ్లు చూసి నమ్మారు. 2011లో దేశమంతటికీ జీవనోపాధుల మిషను వచ్చినప్పుడు ఈ పద్ధతిని అన్ని రాష్ట్రాలకూ తీసుకున్నారు. ఇన్ని ఊళ్లు తిరిగి వచ్చినామె మళ్లీ మన పక్కింట్లో చాట ముందు కూర్చుని ఉంటుంది, మనం గుర్తుపట్టం.

ఇంకో కష్టమైన సంగతి ఉంది. మనకు నచ్చని దారి ఆమె పట్టిందనుకోండి. హాస్టలులో వంటమనిషిగా ఉద్యోగం వస్తే వద్దని, రేవులో దీపాలే అమ్ముకుంటానన్నది. మనకు కోపం వస్తుంది. "నెలనెలా జీతం వదులుకుంటవా?" అంటాం. ఒక్క క్షణం ఆగి ఎందుకని అడగండి. హాస్టలుకు పొద్దున నాలుగింటికి పోవాలి, ఇంట్లో పెండ్లీడు బిడ్డ ఒంటరిగా ఉంటుంది. ఈ లెక్క మన లెక్కలో లేదు. ఆమె లెక్కలో అదే మొదటి అంకె. బతుకు ఆమెది. తప్పో ఒప్పో ఆమె తీసుకున్న నిర్ణయంలోనే ఎంత దూరం పోగలదో చూడాలి. దీపాలే అమ్ముతానంటే, దొన్నెలు ఎక్కడ తక్కువకు దొరుకుతాయి, వత్తులు ఇంట్లో చేస్తే ఎంత మిగులుతుంది, ఏకాదశినాడు ఎన్ని పోతాయి, మిగతా పద్నాలుగు రోజులు ఏం చేయాలి అని మాట్లాడుకోవాలి.

ఆ మాట వచ్చింది గనుక చెబుతాను. 2015 జూలైలో గోదావరి పుష్కరాలకు మా ధర్మపురిలో ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారు. పన్నెండు రోజులు. ఆ పన్నెండు రోజుల్లో ముందుగా తయారైనవాళ్లు నాలుగు పైసలు చూశారు. తయారు కానివాళ్లు జనాన్ని చూశారు. మళ్లీ పుష్కరాలు 2027లో వస్తున్నాయి. కొట్టు పెట్టుకోవడానికి జాగా ఎవరిని అడగాలి, దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, సరుకుకు సంఘం నుంచి అప్పు ఎంత తీసుకోవాలి, ఎంత మించి తీసుకోకూడదు - ఇవి పుష్కరాల ముందురోజు మాట్లాడుకునేవి కావు. మా వాడలో ఐదుగురు ఆడవాళ్లు శనివారం మధ్యాహ్నాలు కూర్చుంటున్నారు. వాళ్లలో ఇద్దరికి భర్తలు లేరు, ఒకామె భర్త ఉన్నా లేనట్టే. ఇంతవరకు తేలింది ఏమిటంటే, ఇద్దరికి ఖాతాలో పేరు తప్పు ఉంది, ఒకామెకు పులిహోర, చకినాలు చేయడంలో మంచి చేయి ఉంది, ఇంకొకామెకు మరాఠీ వస్తుంది. నాందేడు దిక్కునుంచి వచ్చే యాత్రికులతో ఆమె గలగలా మాట్లాడుతుంది, కొట్టు ముందు నిలబెట్టాల్సింది ఆమెనే. ఐదో ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు. వస్తుంది, చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటుంది, వింటుంది. ఆమెను ఎవరూ తొందరపెట్టడం లేదు. వచ్చే శనివారం మళ్లీ కూర్చుంటాం.